దూరపు 'శక్తి' చికిత్స: పరీక్షకు నిలుచునా?

పల్నాటి పల్లెలలో తేలు కుట్టినచో మంత్రము వేయించుట పెద్దలెరిగిన సంగతియే. పాముకాటునకు మంత్రగాని యొద్దకు పోనవసరము కూడ లేదని ఒకప్పుడు నమ్మిక యుండెడిది. సూళ్లూరుపేట సమీపమున గల పోలిరెడ్డిపాలెము స్టేషను మాస్టరునకు తంతి పంపినచో, ఆయన అక్కడ మంత్రింపగా ఇక్కడ విషము దిగునని తెలుగునాట చెప్పుకొనెడివారు. 2013లో తంతి ముగిసినది, నమ్మిక ముగియలేదు. రోగి పేరును, ఫోటోను పంపిన చాలును, ఎంత దూరమునుండియైనను ప్రాణశక్తిని ప్రసరింపజేసి కాన్సరు రోగికి ఉపశమనము కలిగింతుమని చెప్పువారు నేడును కలరు. దీనిని వైద్యమునకు బదులుగా గాక అనుబంధ చికిత్సగా పరిశోధింపవలెనని వారి కోరిక.

కోరిక తప్పు కాదు. పరీక్షింపకయే త్రోసివేయుట విజ్ఞానశాస్త్ర పద్ధతి కాదు. కాని ఆ పరీక్ష ఎట్లు జరుగవలెననునదే ముఖ్యము.

తంతిమంత్రము ఫలించినట్లు ఏల కనబడెను? పొలములలో కరచు పాములలో విషము లేనివి పెక్కు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర వంటివి కూడ కరచిన ప్రతిసారి విషము నెక్కింపవు. అట్టి కాటు తిన్నవాడు మంత్రమున్నను లేకున్నను బ్రదుకును. బ్రదికినవాడు ఊరూర చెప్పును, చనిపోయినవాడు చెప్పలేడు.

కాన్సరు విషయమున ఇదే పొరపాటు మరియొక రూపమున వచ్చును. కీమోథెరపీ మందును సాధారణముగా రెండు మూడు వారముల కొకసారి ఎక్కింతురు. తొలి దినములలో వికారము, నీరసము హెచ్చుగా నుండి క్రమముగా తగ్గును. గుంటూరులో మందు ఎక్కించుకొని మాచర్లకు తిరిగివచ్చిన రోగికి మూడవనాడు శక్తిచికిత్స మొదలుపెట్టి, పదవనాడు ఎట్లున్నదని అడిగినచో, నయముగా నున్నదనియే చెప్పవచ్చును. చికిత్సకు ముందటి అంకెను, తరువాతి అంకెను మాత్రమే చూపు పరిశోధన ఎంత పెద్దదైనను ప్రయోజనము లేదు. ఆ చికిత్స లేకున్నచో ఏమి జరిగియుండెడిదో అది చెప్పజాలదు.

నిజమునకు దూరచికిత్సను పరీక్షించుట మందును పరీక్షించుటకంటె సులభము. చీటీలు వేసి రోగులను రెండు జట్లుగా విడదీసి, ఒక జట్టు పేర్లను మాత్రమే చికిత్సకునకు పంపవలెను. ఎవరి పేరు పంపబడినదో రోగికి గాని, రోగిని పరీక్షించు వైద్యునికి గాని తెలియరాదు. ఇంతటి సౌకర్యముండగా దానిని వదలుకొను పరిశోధనను అనుమానింపవలసినదే.

ఈ పద్ధతి క్రొత్తది కాదు. మెస్మర్ ప్రచారము చేసిన 'జంతు అయస్కాంతశక్తి'ని 1784లో ఫ్రాన్సు రాజు నియమించిన సంఘము పరీక్షించినది. బెంజమిన్ ఫ్రాంక్లిన్, లవోయిజే అందు సభ్యులు. తోటలో ఒక చెట్టునకు 'శక్తి'ని ఎక్కించి, కండ్లకు గంతలు కట్టిన పండ్రెండేండ్ల బాలుని ఇతర చెట్లయొద్దకు నడిపించిరి. నాలుగవ చెట్టుకడ వాడు మూర్ఛిల్లెను. శక్తి నెక్కించిన చెట్టు అచటికి 24 అడుగుల దూరమున నుండెను. మూర్ఛ నిజమే, దానికి కారణము బాలుని ఊహ.

అమెరికాలో ఎమిలీ రోజా అను తొమ్మిదేండ్ల బాలిక పాఠశాల పనిగా చేసిన పరీక్ష ఇంకను సరళము. తాకకయే శక్తిని గ్రహింపగలమను 21 మంది చికిత్సకులు అట్టతెర రంధ్రములనుండి చేతులు చాపిరి. ఆ బాలిక నాణెము నెగురవేసి, ఏదో యొక చేతిపై తన చేతిని ఉంచెడిది. ఏ చేతిపై నున్నదో వారు చెప్పవలెను. 280 పర్యాయములలో 123 సరియైనవి. ఊరక ఊహించి చెప్పినను 140 దరిదాపులలో రావలెను. 1998లో ఈ ఫలితము అమెరికా వైద్యసంఘపు పత్రికలో వెలువడినది. నరసరావుపేట పాఠశాలలోనైనను ఒక అట్ట, ఒక నాణెము ఉన్నచో దీనిని చేసి చూడవచ్చును.

దూరమునుండి చేయు ప్రార్థనపై 1802 మంది గుండె శస్త్రచికిత్స రోగులతో జరిగిన పరిశోధన 2006లో ప్రకటింపబడినది. తమకొరకు ప్రార్థన జరుగుచున్నదో లేదో తెలియనివారిలో, ప్రార్థన జరిగినవారికి నూటికి 52 మందికి, జరుగనివారికి 51 మందికి ఉపద్రవములు కలిగెను. జరుగుచున్నదని తెలిసినవారిలో 59 మందికి కలిగెను. ఇది భక్తిపై తీర్పు కాదు. దూరప్రభావముపై పరీక్ష మాత్రమే.

మరి శక్తిచికిత్స పొందిన కాన్సరు రోగులు హాయిగా నున్నదని చెప్పుట అబద్ధమా? కాదు. 2011లో ప్రకటింపబడిన ఒక పరిశోధనలో కీమోథెరపీ రోగులు 189 మందిని మూడు జట్లుగా చేసిరి. ఒక జట్టునకు రేకీ చికిత్స, ఒక జట్టునకు రేకీ వలె నటించు ఉత్తుత్తి చికిత్స, మూడవ జట్టునకు మామూలు సేవ మాత్రమే. మొదటి రెండు జట్లకును హాయి కలిగెను. ఉపశమన మిచ్చినది శక్తి కాదు, ప్రక్కన కూర్చున్న నర్సు. దూరచికిత్సలో లేనిది సరిగా ఆ మనిషియే!

'అనుబంధము' అను మాట నిరపాయకరముగా వినబడును. 2018లో అమెరికా రోగుల వివరములపై ప్రకటింపబడిన అధ్యయనములో, వైద్యముతోబాటు వివిధ అనుబంధ చికిత్సలను చేర్చుకొన్నవారిలో నూటికి 34 మంది కీమోథెరపీని నిరాకరించిరి; ఇతరులలో ముగ్గురే. మొదటివారికి మరణాపాయము సుమారు రెండింతలు. ఆ తేడా వైద్యమును నిరాకరించుటవలన వచ్చినదే.

పల్నాటి రోగికి ఈ ప్రమాదము మరింత దగ్గర. గుంటూరునకో, మంగళగిరికో, హైదరాబాదునకో పలుమారులు ప్రయాణము, కూలినష్టము, మందు భయము. ఇంట కూర్చుండగనే నయమగునను మాట గురజాలలో తీయగా వినబడుటలో వింత లేదు. అందుకే మంత్రములతో, కవచములతో కాన్సరును నయము చేయుదుమను ప్రకటనలను 1954 నాటి కేంద్రచట్టము నిషేధించినది.

పరిశోధింపదగినది కలదు. రోగి ప్రయాణభారమును తగ్గించుట ఎట్లు, నొప్పి తెలిసిన నర్సును ఊరికి పంపుట ఎట్లు, మందు ఎక్కించునపుడు ప్రక్కన నొక మనిషి యుండునట్లు చేయుట ఎట్లు? వీనికి ఫలితము కలుగునని ఉత్తుత్తి చికిత్సయే సాక్ష్యము చెప్పినది.