కారు పత్రికలు చదివి నేను అనుకున్నది

మా మామ పాత వ్యాను కొనాలని తిరుగుతున్నప్పుడు ఒక కట్ట కారు పత్రికలు తెచ్చాడు. కొన్ని ఇంగ్లీషు, కొన్ని తమిళం. బేరం కుదిరినాక వాటిని అటక మీద పడేశాడు. సెలవుల్లో నేను దించి చదివాను.

ఈ రకం పత్రికల్లో అన్నిటికంటే పాతది ‘ఆటోకార్’. 1895 నవంబరులో ఇంగ్లండులో మొదలైంది. అప్పుడు ఆ దేశంలో కార్లు చాలా కొద్ది. కారు ముందు ఒక మనిషి నడవాలని చట్టం కూడా ఉండేది. అది మరుసటి ఏడు 1896లో పోయింది. అంటే కారు సరిగ్గా పరుగెత్తక ముందే దాని పత్రిక పుట్టింది! 1928లో ఆ పత్రిక ఒక ఆస్టిన్ సెవెన్ కారును నడిపి, కొలిచి, పరీక్షగా రాసింది. అదే మొదటి ‘రోడ్ టెస్ట్’ అని వాళ్ళు చెప్పుకుంటారు. మన దేశంలో ‘ఆటోకార్ ఇండియా’ 1999లో వచ్చింది.

ఈ పత్రికల రాతలో నాకు నచ్చింది కొలత. ‘బండి బాగుంది’ అని ఊరుకోరు. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు, 100 వేగం అందుకోవడానికి ఎన్ని సెకండ్లు, బ్రేకు వేస్తే ఎంత దూరంలో నిలుస్తుంది అని రాస్తారు. అన్ని బండ్లకూ ఒకటే కొలత కాబట్టి పోల్చి చూడవచ్చు. మెచ్చుకున్న బండిలో కూడా లోపం చెబుతారు. మనం పుస్తక సమీక్ష రాసేటప్పుడు కూడా ఇట్లాగే రాయాలి గదా.

నచ్చనిది కూడా ఉంది. ఎక్కువ పేజీలు కొత్త కారు కొనేవాళ్ళకే. మా మామకు కావలసింది వేరే. కినత్తుకడవు సంతకు తక్కాళి పెట్టెలు నిండా ఎత్తుకొని పోతే బండి ఎట్లా లాగుతుంది? పదేళ్ళు ఓడిన ఇంజనులో ముందు ఏం చూడాలి? ఆ కట్టలో నాకు దొరకలేదు. చివరికి మామ ఒక మెకానిక్కును వెంట పెట్టుకొని పోయాడు. ఆయన బానెట్ ఎత్తి, శబ్దం విని, “ఇది వద్దు నైనా” అన్నాడు. మామ అప్పు తీసి కొనేవాడు. ఆ ఒక్క మాట ఎంత డబ్బు కాపాడిందో!

తమిళంలో ‘మోటార్ వికటన్’ ఉంది. క్లచ్, గేరు, టార్క్ అన్నీ తమిళ అక్షరాల్లోనే, పక్కింటి అన్న చెప్పినట్టు రాస్తారు. అది చదివినాక నాకు సిగ్గేసింది. ఇంట్లో తెలుగు మాట్లాడతాము, బండి మాట వస్తే మాత్రం తమిళానికో ఇంగ్లీషుకో మారిపోతాము. తెలుగులో కుదరదు అని కాదు, మనం రాసి చూడలేదు.

రాయడానికి మన దగ్గర సంగతులు లేవా? 1920లో జి.డి. నాయుడు గారు పొల్లాచ్చి, పళని మధ్య ఒక్క బస్సుతో మొదలుపెట్టి, తానే తోలారు. మారుతి ఇంజనుతో రేసు కారు కట్టిన కరివర్ధన్ పేరుతో మనకు దగ్గరలోనే, చెట్టిపాళయంలో, రేసు బాట ఉంది. ఇవి ఇంగ్లీషులో చదివి తెలుసుకోవలసి వస్తున్నది.

అందుకే ఆ మెకానిక్కు చెప్పినవన్నీ నేను ఒక నోటులో తెలుగులో రాసి పెట్టాను. ఇంతవరకు నాలుగు పేజీలు అయింది.