రాజధానిలో తెలుగు బిడ్డ – మన బాలసాహిత్యం

తెలుగు పసివారికై 1945లో ‘బాల’, 1947 జులైలో ‘చందమామ’ మద్రాసునుండి వెలువడినవి. ఢిల్లీలో స్థిరపడిన తెలుగువారి పిల్లల చదువుకై 1948లో దుర్గాబాయమ్మగారు ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని నెలకొల్పినారు. బడి భాషను నేర్పగలదు. ఆ భాషపై మమకారాన్ని కలిగించవలసినది కథ. నేటి రాజధానిలోని తెలుగు బిడ్డకు మన కథలు ఆ పని చేయుచున్నవా అన్నది ప్రశ్న.

ఆ బిడ్డ బ్రతుకు ఎట్టిది? 2024 నవంబరులో గాలి విషతుల్యమై, ఢిల్లీలోను పరిసర నగరాలలోను బడులు మూతపడి పాఠాలు ఫోనులలోనికి చేరినవి. గాలి నాణ్యత సూచి 400 దాటినదనగా ఆరేండ్ల పిల్లకు తెలిసిన అర్థం ఒక్కటే: నేడు ఆట లేదు. ఒకే ఫోను ఉన్న ఇంట అన్నకు పాఠమైతే చెల్లెలికి పాఠం లేనట్లే. ఈ దిగులు, ఈ అలుక, ఈ ఒంటరితనం మన బాలకథలలో అరుదుగానే కానవచ్చును.

అడవులు, రాజులు, రాక్షసులు కూడదని కాదు. అద్భుతరసం పసితనానికి ఆహారమే. కాని తన నిత్యజీవితం తెలుగులో ఎక్కడను కనిపించనప్పుడు, ఆ బిడ్డకు తెలుగు వేసవి సెలవులలో అమ్మమ్మతో మాట్లాడు భాషగా మాత్రమే మిగులును. భయానికి హిందీ, ఆశకు ఇంగ్లీషు భాషలగును.

పసివారి కథలలో దుఃఖమెందుకని కొందరు అడుగవచ్చును. రాక్షసుని కథయు భయపు కథయే; భయాన్ని దాటు దారి చూపుటచేతనే పిల్లలు దానిని మరల మరల అడుగుదురు. అయితే పాత నీతిని తొలగించి, ఆ స్థానంలో పర్యావరణ నీతిని కూర్చుండబెట్టుటయు ప్రమాదమే. ‘చెట్లు నాటుదము’ అని పిల్లవానిచేత ప్రతిజ్ఞ చేయించి ముగించు కథ, పెద్దల తప్పిదాన్ని వాని నెత్తిన మోపుచున్నది.

చింతా దీక్షితులుగారి సూరి, సీతి, వెంకి పాఠాలు వల్లించుటకు పుట్టిన బొమ్మలు కారు, పిల్లలు. ఆయన వారి మాటను చెవియొగ్గి విన్నారు. ఢిల్లీ పిల్ల పలుకులో తెలుగు, హిందీ కలగలసి ఉండును. దానిని దిద్దుటకు ముందు వినవలెను. 2010నుండి సాహిత్య అకాదెమి బాలసాహిత్య పురస్కారాలిచ్చుచున్నది. గౌరవానికి లోటు లేదు. కొరవడినది ఆ వినికిడి.