కృష్ణారెడ్డి మనుషులు ఎవరివాళ్లు?

వాడరేవులో తెల్లారగట్ల అలివి వల లాగేవాళ్లని దూరం నుంచి చూస్తే మనుషులు విడివిడిగా కనపడరు. తాడు, నడుములు, కాళ్లు, నీళ్లు, అన్నీ కలిసి ఒకటే ఊపు. దగ్గరికెళ్తేగానీ ఎవరెవరో తెలీదు. పోయిన సంక్రాంతికి అది చూస్తుంటే నాకు కృష్ణారెడ్డి ‘డిమాన్‌స్ట్రేటర్స్’ గుర్తొచ్చింది. 1968లో పారిస్ విద్యార్థుల ఉద్యమం కదిలిస్తే చేసిన బొమ్మ అది. దానికీ ఈ రేవుకీ ఏం సంబంధం?

ఆయన 1925లో చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టారు. శాంతినికేతన్‌లో నందలాల్ బోస్ శిష్యుడు. మద్రాసు కళాక్షేత్రలో కొన్నాళ్లు పాఠాలు చెప్పి, లండన్ స్లేడ్ స్కూల్‌కి వెళ్లారు. ఆ తర్వాత పారిస్‌లో జాడ్కిన్ దగ్గర శిల్పం, హేటర్ నడిపిన ‘అతెలియే 17’లో ప్రింట్‌మేకింగ్. 1970ల్లో న్యూయార్క్ చేరి, 2018లో అక్కడే కన్నుమూశారు. ఎక్కువగా కుంచెతో కాదు, లోహపు రేకు మీద పని చేశారు. రేకుని శిల్పంలా ఎత్తుపల్లాలుగా చెక్కడం, అవిసె నూనె పాళ్లు మార్చి కొన్ని సిరాలని పల్చగా, కొన్నింటిని చిక్కగా చేయడం, గట్టి రోలర్‌తో ఒకటి, మెత్తటి రోలర్‌తో ఒకటి అద్దడం. పల్చటి సిరా ఉన్నచోట చిక్కటిది అంటుకోదు. అలా ఒకే రేకు నుంచి, ఒకే అచ్చులో, ఇన్ని రంగులు! హేటర్, కైకో మోతీలతో కలిసి ఆయన పెంచిన పద్ధతి ఇది.

చీరాల నేతగాళ్లకి దీన్ని వివరించక్కర్లేదు. పడుగు ఒక రంగు, పేక ఒక రంగు వేస్తే చూసే కంటికి మూడోది కనపడుతుంది. కృష్ణారెడ్డి రంగులు కూడా కలిసిపోవు, పక్కపక్కనే ఉంటాయి. కలిపేది మన కన్నే.

ఆయన మనుషులూ అంతే. ‘డిమాన్‌స్ట్రేటర్స్’లో నిలువు గీతల్లాంటి శరీరాలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటాయి. ఏ దేశమో చెప్పే బట్ట లేదు, గుర్తుపట్టే ముఖం లేదు. వైకుంఠం గారి తెలంగాణ ఆడవాళ్లని బొట్టు చూసి, చీర చూసి మనవాళ్లు అంటాం. ఇక్కడ ఆ ఆనవాళ్లేవీ దొరకవు. అందుకే కాబోలు, ఆయన్ని ‘మనవాడు’ అని గర్వంగా చెప్పుకుంటాంగానీ, బొమ్మల గురించి పెద్దగా మాట్లాడుకోం.

ఒక ఫిర్యాదు నాకూ ఉంది. 1980ల్లో చేసిన ‘గ్రేట్ క్లౌన్’లో బఫూన్ చుట్టూ వలయాలు విచ్చుకుంటాయి. ఆ రేకునే రంగులు మార్చి మార్చి అచ్చు తీశారు. కొన్నింట్లో వలయాలే చూస్తాం, మనిషి వెనక్కి జరుగుతాడు. నవ్వించేవాడి బాధ మీద పడాల్సిన చూపు రంగుల నేర్పు దగ్గరే ఆగిపోతుంది. టెక్నిక్ మనిషిని మింగేసిన క్షణాలవి. అయితే నేను చూసిందంతా ఫోన్‌లోనే. గాజుతెర మీద ఆ ఎత్తుపల్లాలు చదునైపోతాయి కదా, తప్పు కొంత తెరదీ కావచ్చు.

నేను మూడేళ్లు డాలస్‌లో ఆన్‌సైట్ చేసొచ్చాను. మిరపకల్లంలో కాయలు తిరగేస్తూ నాన్న ఒకసారి అడిగాడు: “ఒరేయ్, నువ్విప్పుడు ఇక్కడోడివా, అక్కడోడివా?” నవ్వేసి ఊరుకున్నాను. వలసపోయిన కళాకారుడిని మనం అడిగేదీ అదే ప్రశ్న. బొమ్మలో ఊరు కనపడితే మనోడు, లేకపోతే పరాయోడు.

కానీ వాడరేవులో నాకు ఇంకోటి తోచింది. వల లాగేటప్పుడు ఎవరి చెయ్యి ఎవరిదో తెలీకపోవడం ఆ మనుషులకి లోటు కాదు, అక్కడ బలమే అది. 1963లో ‘వేవ్’, ‘వర్ల్‌పూల్’ లాంటి నీటి బొమ్మలు చేసిన చెయ్యే, ఐదేళ్ల తర్వాత వీధిలోకొచ్చిన జనాన్నీ కెరటంలానే చూసింది. ఆయన ఊరి గుర్తులు మోసుకెళ్లలేదు. మనిషికీ మనిషికీ మధ్య గీతని పల్చన చేసే చూపుని పట్టుకెళ్లారు.

నాన్నకి ఇంకా జవాబు చెప్పలేదు. ఈసారి వెళ్లినప్పుడు ‘డిమాన్‌స్ట్రేటర్స్’ని పెద్ద కాయితం మీద అచ్చు తీయించి పట్టుకెళ్తాను. వీళ్లెవరో నువ్వే చెప్పు నాన్నా అంటాను.