కొలతలో 'దోషం': డబ్ల్యు బోసాన్ ద్రవ్యరాశి - ఒక పరిభాషా విమర్శ

తెలుగు భౌతికశాస్త్ర పాఠ్యపుస్తకాలు కొలతలోని అనిశ్చితిని 'దోషం' అంటున్నాయి. క్రమ దోషం, యాదృచ్ఛిక దోషం అని విభజిస్తున్నాయి. కావ్యదోషాల చర్చ చదువుకున్న మనకు ఆ మాట వినగానే తప్పు, లోపం స్ఫురిస్తాయి. ఈ అర్థచ్ఛాయ ఎంత పెడదారి పట్టిస్తుందో డబ్ల్యు బోసాన్ ఉదంతం తెలుపుతుంది.

అమెరికాలోని ఫెర్మీల్యాబ్‌కు చెందిన సీడీఎఫ్ బృందం, టెవట్రాన్ కొలైడర్ దత్తాంశాల ఆధారంగా, 2022 ఏప్రిల్‌లో ఈ కణం ద్రవ్యరాశిని 80,433.5 మెగా ఎలక్ట్రాన్ వోల్టులుగా ప్రకటించింది. ప్రామాణిక నమూనా ప్రకారం రావలసినది సుమారు 80,357. తేడా వెయ్యింట ఒక వంతుకైనా చేరదు. అయినా సంచలనం రేగింది. కారణం పక్కనున్న ± 9.4. అది 50 అయి ఉంటే ఆ తేడాను ఎవరూ అంతగా పట్టించుకునేవారు కారు. మనం 'దోషం' అంటున్నదే ఆ ఫలితానికి ప్రాణం.

ఆ కణాన్ని ఎవరూ తక్కెడలో పెట్టలేదు. అది పుట్టీ పుట్టగానే క్షయిస్తుంది. ఎలక్ట్రానో మ్యూయానో శోధకానికి చిక్కుతుంది; తోడుపుట్టిన న్యూట్రినో జాడ లేకుండా జారిపోతుంది. చిక్కినదాని తిర్యక్ ద్రవ్యవేగం వంటి రాశులను, వేర్వేరు ద్రవ్యరాశులను ఊహించి కంప్యూటర్‌లో రూపొందించిన నమూనాలతో పోల్చి, బాగా సరిపోలినదాన్ని స్వీకరిస్తారు. దీనిని 'కొలత' అనడం కంటే పాఠనిర్ణయం అనడమే నాకు సబబుగా తోస్తుంది. సుమారు 40 లక్షల ఘటనలను పరిశీలించిన సీడీఎఫ్ వారు, తుది విలువకు తమకే తెలియని ఒక సంఖ్యను కలిపి మరుగుపరచి, విశ్లేషణ ముగిశాకే విప్పి చూశారు. తాను కోరిన పాఠాన్నే ప్రతిలో చూడకుండా ఆపే ఇటువంటి కట్టుబాటు మన గ్రంథపరిష్కర్తలకు లేకపోయింది!

ఇంత జాగ్రత్త పడినా చిక్కు తీరలేదు. సెర్న్‌లోని సీఎంఎస్ బృందం 2024లో ప్రకటించిన విలువ 80,360.2 ± 9.9. దాదాపు సమానమైన అనిశ్చితి గల రెండు విలువల మధ్య 73 యూనిట్ల ఎడం ఉంది. 'దోషం' అనే మాటకు అసలు పని ఇక్కడే పడుతుంది. శోధక క్రమాంకనంలోనో, ప్రోటాన్ అంతర్నిర్మాణపు లెక్కలోనో, ఎక్కడో ఒకచోట ఇంకా దొరకని పొరపాటు ఉండవచ్చు. లెక్కకట్టి ప్రకటించిన సందేహానికీ, లెక్కకు అందని ఈ పొరపాటుకూ ఒకే పేరు పెడితే విద్యార్థికి వివాదమే బోధపడదు.

మొదటిదానికి 'అనిశ్చితి' మేలు. హైజెన్‌బర్గ్ అనిశ్చితత్వ సూత్రంతో అది కలగాపులగమవుతుందనే అభ్యంతరం, కణభౌతికం విషయంలో మరీ బలమైనదే. అటువంటి చోట 'సందేహపరిధి' అనవచ్చు. 'దోషం' మాత్రం రెండవదానికే మిగలాలి.