ఫ్లోరైడు నీరు, పిల్లల కాళ్ళు: మూడు పరిశోధనల విమర్శ

ఒంగోలుకు పడమటనున్న దర్శి, పొదిలి, కనిగిరి ప్రాంతములలో బావినీటికి వచ్చిన చెడ్డపేరు ఈనాటిది కాదు. "ఫ్లోరైడు నీరు త్రాగిన పిల్లల కాళ్ళు వంకరపోవును" అనుమాట తరగతి గదులలో తరచు వినబడును. ఆ మాట అబద్ధము కాదు గాని, అసంపూర్ణము. ఒకే నీరు త్రాగుచున్నను ఒక బిడ్డ కాళ్ళు వంగుటకు, మరియొక బిడ్డ కాళ్ళు నిటారుగా నిలుచుటకు కారణమేమి? 1937, 1940, 1973 సంవత్సరములలో వెలువడిన మూడు పరిశోధనలు ఈ ప్రశ్నకు ఎంతవరకు జవాబు చెప్పినవో పరిశీలింపవలసియున్నది.

అంతకుముందు సహజమైన పెరుగుదల తెలియవలెను. పొడవాటి ఎముకల చివరలయందు మృదులాస్థి పలకలుండును. అక్కడి కణములు వృద్ధిపొంది, వాటిచుట్టు సున్నపు లవణములు చేరి, క్రమముగా గట్టి ఎముక ఏర్పడును. కాలి పొడవులో పెరుగుదల సుమారు మూడింట రెండువంతులు మోకాటికి పైన, క్రింద ఉన్న రెండు పలకలనుండియే వచ్చును. కనుకనే ఎముకకు కలిగిన లోపము మొదట మోకాటివద్ద బయటపడును.

అయితే మోకాటి వంపంతయు రోగము కాదు. పుట్టిన బిడ్డ కాళ్ళు విల్లువలె బయటికి వంగియుండును, వీటినే దొడ్డికాళ్ళందురు. సుమారు ఏడాదిన్నర, రెండేండ్ల వయస్సులో అవి నిటారగును. మూడు, నాలుగేండ్లకు మోకాళ్ళు లోపలికి వచ్చి దాదాపు రాచుకొనును. ఏడేండ్ల నాటికి సర్దుకొనును. ఫిన్లండులో సలేనియస్, వాంకా అను వైద్యులు పిల్లల మోకాళ్ళను కొలిచి ఈ క్రమమును 1975లో ప్రకటించిరి. కనుక ఏ గ్రామములోనైనను వంకరకాళ్ళను లెక్కించువారు ముందు వయస్సు అడుగవలెను. మూడేండ్ల బిడ్డలో సహజమైన వంపు పన్నెండేండ్ల బిడ్డలో రోగలక్షణము కావచ్చును. ఒక్క కాలే వంగినను, వంపు ఏటేట పెరుగుచున్నను, నొప్పి ఉన్నను వైద్యునికి చూపవలసినదే.

ఇక మొదటి పరిశోధన. 1937లో షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, మన్నాడి నాయర్ అను నలుగురు అప్పటి నెల్లూరు జిల్లా గ్రామములను పరిశీలించి, వెన్నెముక బిగుసుకొని వంగలేని స్థితికి త్రాగునీటిలోని ఫ్లోరైడు కారణమని చూపిరి. మనదేశములో మనుష్యులకు ఫ్లోరోసిస్ వచ్చుచున్నదని నిరూపించిన తొలి రచనగా ఇది ప్రసిద్ధి పొందినది. రోగి లక్షణములను, ఎక్స్‌రే చిత్రములను, నీటి పరీక్షను ఒకచోట చేర్చుట దీని గొప్పతనము. అయితే వీరి దృష్టి ముఖ్యముగా ఏండ్ల తరబడి ఆ నీరు త్రాగిన పెద్దలమీద నిలిచినది.

1940లో పండిట్, రాఘవాచారి, సుబ్బారావు, కృష్ణమూర్తి ప్రకటించిన రెండవ పరిశోధన ఒక అడుగు ముందుకు వేసినది. పిల్లలలో పండ్లపై మచ్చలకు, పెద్దలలో తీవ్రమైన ఎముకరోగమునకు తోడ్పడు పరిస్థితులేవని వీరు ప్రశ్నించిరి. నీటితోపాటు ఆహారమును, ముఖ్యముగా విటమిను 'సి' లోపమును, లెక్కలోనికి తీసుకొనిరి. నీరొక్కటే కథంతయు చెప్పదని అప్పుడే గుర్తించుట మెచ్చదగినది. అయినను పిల్లల విషయము పండ్లతోనే ఆగినది. వారి కాళ్ళ ఎముకలు ఈ చర్చలోనికి రాలేదు.

ఆ కొరత 1973లో తీరినది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కె.ఎ.వి.ఆర్. కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 'లాన్సెట్' పత్రికలో ఒక కొత్త స్వరూపమును వర్ణించిరి. వెన్నెముక గట్టిపడియున్నను కాళ్ళ ఎముకలు పలచబడి, మోకాళ్ళు లోపలికి వంగుచున్నవి. ఒకే శరీరములో ఒకచోట ఎముక దట్టమై, మరొకచోట బలహీనమగుట గమనించుటయే ఈ పరిశోధన ప్రాణము.

దీని కారణమును గూర్చి తరువాత వచ్చిన వాదము ఇది: క్షారగుణముగల నేలలో జొన్నపైరు మాలిబ్డినమును ఎక్కువగా పీల్చును, అది శరీరములోని రాగిని బయటికి పంపును, రాగి లేనిదే ఎముకలోని మాంసకృత్తు పోగులు గట్టిగా ముడిపడవు. 1955లో ప్రారంభమై 1967లో కాలువలకు నీరు వదలిన నాగార్జునసాగరము భూగర్భజలమును పైకి తెచ్చి ఈ మార్పునకు దారితీసినదని కూడ కొందరనిరి. 1975లో 'న్యూ సైంటిస్ట్' పత్రికలో అనిల్ అగర్వాల్ వ్రాసిన వ్యాసము ఆ అనుమానమునకు విశేష ప్రచారము కలిగించినది.

ఈ వాదమునకు కొంత ఆధారము లేకపోలేదు. మాలిబ్డినము హెచ్చుగా ఉన్న జొన్న తినిన మనుష్యుల మూత్రములో రాగి హెచ్చినదని 1974లో దేవస్థలి, గోపాలన్ చూపిరి. కాని 2000లో అమెరికాలో టర్న్‌లండ్, కీస్ జరిపిన ప్రయోగములో మాలిబ్డినము పెంచినను యువకుల రాగి నిలువ మారలేదు. ఇంగ్లండులోని సోమర్‌సెట్ పచ్చికబయళ్ళలో మాలిబ్డినము వలన పశువులకు రాగి లోపము కలుగుట నిజమే. అయితే ఆ రసాయనక్రియ నెమరువేయు జంతువుల మొదటి పొట్టలో జరుగును. మనుష్యునికి అట్టి పొట్ట లేదు. జలాశయము తరువాత రోగము కనబడినంత మాత్రమున జలాశయమే కారణమనుట తర్కమునకు నిలువదు. ఈ నేలలో ఫ్లోరైడు అంతకు మూడు దశాబ్దముల ముందే నమోదైనది. పైగా ఫ్లోరైడు తక్కువగల కృష్ణానది నీరు త్రాగుటకు అందినచోట అది మేలే చేయును.

మాలిబ్డినము వాదముకంటె సున్నపు లోపమునకే బలమైన సాక్ష్యము కలదు. ఉత్తరప్రదేశములో టియోటియా దంపతులు దీర్ఘకాలము చేసిన పరిశీలనలలో, కాల్షియము చాలని పిల్లలకే ఫ్లోరైడు వలన ఎక్కువ వైకల్యము కలిగినది. నూరు గ్రాముల రాగులలో సుమారు 350 మిల్లీగ్రాముల కాల్షియముండగా, జొన్నలలో 30 కూడ ఉండదు. పాలు అరుదైన ఇంట జొన్న ఒక్కటే ఆధారమైనప్పుడు ఆ భేదము ఎముకలో కనబడును. మొదటి ప్రశ్నకు ఇప్పటికి దొరకిన మంచి జవాబిదే.

కాబట్టి పాఠము చెప్పునపుడు ఆ వాక్యమును ఇట్లు సవరింపవలెను: నీటిలోని ఫ్లోరైడు, ఆహారములోని లోపము, పెరుగుచున్న వయస్సు మూడును కలిసినపుడు బిడ్డ కాళ్ళు వంగును. లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడు మించకుండుట మంచిది. వేరొక నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు మాత్రమే అనుమతి. నీరు కాచినచో ఫ్లోరైడు పోదు. నీరు ఇగిరినకొలది మరింత చిక్కనగును. పటిక, సున్నము, బ్లీచింగు పౌడరుతో శుద్ధిచేయు నల్లగొండ పద్ధతిని నాగపూరులోని 'నీరి' సంస్థ 1970 దశకములోనే రూపొందించినది. పెరుగుదల పలకలు మూసుకొనిన తరువాత ఆహారముతో వంపు సరికాదు. అందువలన బావినీటి పరీక్షయు, బిడ్డ కంచములోని రాగిముద్దయు, గ్లాసెడు పాలును బడి వయస్సు దాటకమునుపే అందవలెను.