ఒంటి గొట్టం తుపాకీ

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పల్లెల్లో తుపాకీ కథ చెప్పమంటే దొర కథ చెబుతారు. గడీ, జీపు, వేట, వెంట నడిచిన మనుషులు, అన్నీ వస్తాయి. దొర భుజాన ఉన్నది ఏ తుపాకీ, ఎక్కడ తయారైంది, ఎట్లా పేలేది అని అడిగితే మాత్రం జవాబు దొరకదు. నాకు ఆ రెండో కథ మీదే ఎక్కువ ఆసక్తి. దాన్ని చదవడం వస్తే మొదటి కథ కూడా ఇంకాస్త బాగా అర్థమవుతుంది.

ఒకసారి పేల్చి మళ్లీ నింపుకోవడమనే పద్ధతి ఈ ప్రాంతానికి పాతదే. 1747లో కట్టిన జగిత్యాల నక్షత్రాకారపు కోట బురుజుల మీది ఫిరంగులు చేసింది ఆ పనే: మూతి నుంచి మందు, గుండు దట్టించడం, వెనక రంధ్రం దగ్గర నిప్పు అంటించడం. జామగి తుపాకీ, చెకుముకి తుపాకీ, తర్వాత పల్లెల్లో భర్మార్ అని పిలిచిన నాటు తుపాకీ, అన్నీ ఆ ఫిరంగికి చిన్న రూపాలే. తెలంగాణ సాయుధ పోరాటంలో రజాకార్ల ముందు వడిసెలతో పాటు నిలిచింది ఈ భర్మారే. వానలో మందు తడిస్తే అది ఉత్త ఇనుప గొట్టం.

తూటాను వెనక నుంచి వేసే తుపాకీ వచ్చాక ఆ బాధ తీరింది. పైనున్న మీటను పక్కకు తోస్తే తుపాకీ మధ్యలో కీలు దగ్గర వంగుతుంది. తూటా వేసి మూస్తే గొట్టం కింది దిమ్మలో ఉన్న గాడిలోకి గడియ దిగుతుంది. సుత్తిని బొటనవేలితో వెనక్కి లాగాలి, ట్రిగ్గర్ నొక్కాలి. కదిలే భాగాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. వీటిలో ఎక్కువ భాగం 12 బోర్. పౌను సీసాన్ని పన్నెండు సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు ఎంత లావుంటుందో ఆ గొట్టం రంధ్రం అంత, అంటే దాదాపు 18.5 మిల్లీమీటర్లు.

అమెరికాలో ఇట్లాంటివి రైతు కొట్టంలో మూలన పడి ఉండేవి. మసాచుసెట్స్‌లోని ఐవర్ జాన్సన్, హారింగ్టన్ అండ్ రిచర్డ్‌సన్ కంపెనీలు చవకగా లక్షల్లో చేశాయి. అక్కడి ఔత్సాహికులు వాటిని కొని, విప్పి, తుడిచి మళ్లీ బిగించుకోవడం ఒక కాలక్షేపం. మన దేశంలో ఒంటి గొట్టం తుపాకీ అంటే బర్మింగ్‌హామ్ సరుకు, ఇచాపూర్ ప్రభుత్వ ఫ్యాక్టరీ సరుకు, బిహార్ ముంగేర్ పనివాళ్ల సరుకు. ఇచాపూర్ ఇంకో వింత పని చేసింది. లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్ల గొట్టాన్ని నున్నగా మార్చి, మ్యాగజైన్ చోట కర్రముక్క బిగించి, ఒక్క తూటాకే పరిమితమైన .410 మస్కట్‌గా పోలీసులకు ఇచ్చింది. సిపాయి చేతిలో తూటాలు ఎక్కువ ఉండకూడదన్న తెల్లదొరల జాగ్రత్త ఆ కర్రముక్కలో కనిపిస్తుంది.

పాత తుపాకీని చేతికి తీసుకున్న నేర్పరి ముందు గొట్టం లోపలికి చూడడు, స్క్రూల తలలు చూస్తాడు. గాడి చెదిరిన స్క్రూ అంటే సరైన పనిముట్టు లేని చెయ్యి ఎప్పుడో దాన్ని విప్పిందని. తర్వాత గొట్టం కింది చెక్క తీసి, మూసి, ఊపి చూస్తాడు. కీలు అరిగితే గొట్టానికీ వెనక దిమ్మకూ మధ్య సందు పడుతుంది; పలుచని కాగితం ముక్క అందులోంచి జారితే ఆ తుపాకీ ఇక గోడకే. గొట్టం అడుగున టెస్టింగ్ ముద్రలుంటాయి. నల్ల తుపాకీ మందుకు మాత్రమే పరీక్షించిన గొట్టంలో నేటి పొగలేని మందు తూటా వేస్తే గొట్టం చీలే ప్రమాదం ఉంది. ఇంకో మోసం తూటా పొడవులో ఉంది. పాత ఇంగ్లిష్ తుపాకుల్లో తూటా కూర్చునే గది 65 మిల్లీమీటర్ల తూటాకు చేసింది. 70 మిల్లీమీటర్లది కూడా ఇబ్బంది లేకుండా లోపలికి పోతుంది, మడత మూతి ఇంకా విచ్చుకోలేదు కాబట్టి. పేలాక విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరిగిపోతుంది.

పాత గొట్టాల మీద అలల్లా కనిపించే గీతల్ని డమాస్కస్ అంటారు. ఇనుము, ఉక్కు పట్టీలను మెలిపెట్టి, కడ్డీకి చుట్టి, కొలిమిలో కాల్చి సుత్తితో అతికిస్తే వచ్చే గీతలవి. మన కోనసముద్రం ఉక్కు గీతలు వేరు. కోరుట్ల నుంచి మెట్‌పల్లి దాటి నిజామాబాద్ దారిలో పోతే కమ్మర్‌పల్లి మండలంలో ఉన్న ఆ ఊళ్లో మట్టి మూసలో ఉక్కు కరిగించి నిదానంగా చల్లార్చేవాళ్లు. గీతలు లోహంలోనే పుట్టేవి. పారసీక వర్తకులు కత్తుల కోసం ఆ ఉక్కు కొనడానికి వచ్చేవారని 1820ల నాటి భూగర్భ శాస్త్రవేత్త వాయ్సే రాతల వల్ల తెలుస్తుంది. బర్మింగ్‌హామ్ గొట్టం చూపించి ఇది మన ఉక్కే అని గర్వపడే పెద్దమనుషులున్నారు. గర్వం సరైనదే, గొట్టం మాత్రం కాదు.

బాగుచేయడంలో నేను పిసినారి పక్షం. మెరుగు పెట్టించి, వార్నిష్ కొట్టించి, కొత్త స్ప్రింగ్ వేయించి తళతళలాడించిన తుపాకీ కంటే అరిగిన పట్టు మీద అరచేతి నలుపున్నదే విలువైనది. చెక్కకు రెండు చుక్కల అవిశె నూనె అరచేత్తో రుద్దితే చాలు. నల్ల తుపాకీ మందు పేల్చిన గొట్టాన్ని వేణ్నీళ్లతో కడిగి, ఆరబెట్టి, పలుచగా నూనె రాయాలి. ఎక్కువైన నూనె కిందికి జారి చెక్క తలలోకి ఇంకి దాన్ని కుళ్లబెడుతుంది, అందుకే తెలిసినవాళ్లు మూతి కిందికి పెట్టి నిలబెడతారు. మన వానాకాలంలో ఉన్నిగుడ్డ సంచిలో పెట్టి మరిచిపోవడం అంటే తుప్పుకు అప్పగించడమే. పాత కాగితపు తూటాలూ అంతే. చెమ్మకు ఉబ్బి సమయానికి గదిలో పట్టేవి కావు.

సిరిసిల్లలో పాత మరమగ్గాలను అరిగిన ముక్కకు కొత్త ముక్క చేసి నడిపించే మెకానిక్కులకు ఈ పని చిటికెలో వచ్చేస్తుంది. కానీ వాళ్ల చేతికి ఇవ్వడానికి లేదు. 1959 ఆయుధాల చట్టం ప్రకారం మరమ్మతుకూ లైసెన్సు కావాలి, లైసెన్సు లేకుండా గొట్టం కురచ చేయడం నేరం. 2019 సవరణ తర్వాత ఒకరికి రెండు తుపాకులకు మించి ఉండకూడదు. కాబట్టి ఇక్కడ సేకరణ అంటే తాతదో మేనమామదో ఒకటి మిగిలి ఉండటమే. వేటకు 1972 వన్యప్రాణి చట్టం పగ్గం వేసింది, 1991 సవరణ ముగింపు పలికింది. పంటను తవ్విపోసే అడవిపందుల బెడద మాత్రం మిగిలింది.

ఇక చాలా ఇళ్లలో ఆ ఒకటైనా ఎందుకు మిగల్లేదన్నది ఈ నేల చరిత్ర. 1978 సెప్టెంబర్ 7న రైతుకూలీల జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. ఆ ఏడాదే జగిత్యాల, సిరిసిల్ల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. వెట్టి, జరిమానాల మీద తిరగబడ్డ ఊళ్లు సాంఘిక బహిష్కారం పెడితే చాలామంది దొరలు గడీలు వదిలి పట్నం చేరారు. నక్సలైట్ దళాలు భూస్వాముల ఇళ్ల నుంచి తుపాకులు పట్టుకుపోయాయి. ఒకే 12 బోర్ దొర భుజం మీద, దళ సభ్యుడి భుజం మీద, చివరికి పోలీసుల మాల్‌ఖానాలో ఉన్న సందర్భాలున్నాయి. కూలివాణ్ని భయపెట్టిన వస్తువును అందమైన పనితనం అని మెచ్చుకోవడం కొందరికి గిట్టదు. వాళ్ల అభ్యంతరం నాకు న్యాయంగానే తోస్తుంది. అయితే దాన్ని తుక్కు చేస్తే భయపెట్టిన సాక్ష్యం కూడా తుక్కవుతుంది.

మాల్‌ఖానాల్లో దిక్కులేకుండా మిగిలినవి కరిగించే ముందు నంబర్, తయారీ ముద్ర, లైసెన్సు పుస్తకంలోని పేర్లు, పట్టుబడ్డ తేదీ రాసిపెట్టడానికి ఒక కానిస్టేబుల్, ఒక చరిత్ర లెక్చరర్ చాలు. కొన్నింటిని ఇక పేలకుండా చేసి, ఆ కాగితాలతో పాటు జగిత్యాల కోటలో ఫిరంగుల పక్కన పెట్టవచ్చు. మరమ్మతు చేసినా పేలని పాత ఆయుధానికి చట్టం 45వ సెక్షన్‌లో మినహాయింపు ఎలాగూ ఉంది.