శతాధిపతి, సైనికుడు, లాంగినస్: సువార్త పాఠం – ఐతిహ్య పరిణామం

వ్యాససంగ్రహం

యేసు సిలువ మరణ ఘట్టంలో కనిపించే రోమా శతాధిపతికి గాని, ఆయన ప్రక్కను ఈటెతో పొడిచిన సైనికునికి గాని నాలుగు సువార్తల్లో ఎక్కడా పేరు లేదు. అయినా క్రైస్తవ సంప్రదాయంలో ఈ ఇద్దరూ కాలక్రమంలో ఒక్కరై, 'లాంగినస్' అనే పేరుతో, అంధత్వం, స్వస్థత, హతసాక్షిత్వం గల జీవితకథను సంతరించుకున్నారు. మూలపాఠంలో ఉన్నదేమిటి, ఐతిహ్యం చేర్చిందేమిటి, ఆ చేర్పునకు మూలపాఠంలోనే ఉన్న ప్రేరణలేమిటి అన్న మూడు ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: సువార్తలు, శతాధిపతి, లాంగినస్, ఐతిహ్యం, పాఠపరిష్కరణ, అప్రామాణిక గ్రంథాలు

1. ఉపోద్ఘాతం

ఒక పవిత్ర గ్రంథం జనజీవితంలోకి వచ్చిన తరువాత దానిలోని మౌనాలు ఎక్కువకాలం మౌనంగా ఉండవు. పద్నాలుగేళ్లు ఊర్మిళ ఏం చేసిందో వాల్మీకి చెప్పలేదు; తెలుగు స్త్రీల పాట ఆమెను నిద్రపుచ్చి, తిరిగి మేలుకొలిపింది. లక్ష్మణరేఖ వాల్మీకి రామాయణ పరిష్కృత పాఠంలో లేదు. అయినా సామాన్యుని మనసులో ఆ గీత లేని సీతాపహరణం లేదు. ఈ రెండింటి విషయంలో మూలమేదో, ప్రజాకల్పన ఏదో వేరుచేసి చెప్పడం తెలుగు పరిశోధకునికి అలవాటైన పనే. సువార్తల్లోని చిన్న పాత్రల విషయంలోనూ అదే జాగ్రత్త అవసరం.

లాంగినస్‌ను ఇక్కడ ఎంచుకోవడానికి కారణం ఉంది. ఈ ఐతిహ్యం ఒక పాత్ర చుట్టూ పెరిగినది కాదు. రెండు పాత్రలను కలిపి మూడవ పాత్రను సృష్టించినది. కనుక ఐతిహ్య నిర్మాణం జరిగే తీరును దీనిలో దశలవారీగా గమనించవచ్చు.

2. సువార్తల్లో ఉన్నది

మార్కు సువార్త (15:39) ప్రకారం, యేసు ప్రాణం విడిచిన తీరును ఎదురుగా నిలిచి చూసిన శతాధిపతి, ఆయన నిజంగా దేవుని కుమారుడని అంటాడు. మత్తయి (27:54) ఈ మాటను శతాధిపతితోపాటు అతనితో కావలి ఉన్నవారికి కూడా చెందేలా చేసి, దానికి కారణంగా భూకంపాన్ని, వారి భయాన్ని చెబుతాడు. లూకా (23:47) శతాధిపతి చేత యేసు నీతిమంతుడని మాత్రమే అనిపిస్తాడు. అంటే ఒకే ఘట్టం మూడు సువార్తల్లో మూడు రీతులుగా ఉంది.

యోహాను సువార్తలో ఈ శతాధిపతి లేడు. అక్కడ ఉన్నది మరొక సన్నివేశం (19:31–37). విశ్రాంతిదినం సమీపిస్తున్నందున సిలువ వేయబడినవారి కాళ్లు విరగగొట్టమని కోరతారు. యేసు అప్పటికే మృతిచెందినందున సైనికులు ఆయన కాళ్లు విరగగొట్టరు. వారిలో ఒకడు ఈటెతో ప్రక్కను పొడుస్తాడు. రక్తము, నీళ్లు వెలువడతాయి. ఈ సైనికుడు ఒక్క మాటా పలకడు. విశ్వసించినట్టు గాని, పశ్చాత్తాపపడినట్టు గాని సూచన లేదు.

కాబట్టి మూలంలో ఉన్నవారు ఇద్దరు: మాట్లాడిన అధికారి, పొడిచిన సైనికుడు. మొదటివాని చేతిలో ఈటె లేదు; రెండవవాని నోట విశ్వాస ప్రకటన లేదు. ఇద్దరికీ పేరు లేదు.

3. ఒక పాఠాంతరం

మూలం, చేర్పు అన్న విభజన ఎల్లప్పుడూ ఇంత సులభం కాదు. 4వ శతాబ్దికి చెందిన సైనాయ్, వాటికన్ ప్రతులు సహా కొన్ని ప్రాచీన ప్రతులలో మత్తయి 27:49 వద్ద ఒక అదనపు వాక్యం ఉంది. దాని ప్రకారం మరొకడు ఈటె తీసుకొని యేసు ప్రక్కను పొడవగా నీళ్లు, రక్తము వెలువడ్డాయి. చిక్కేమిటంటే ఇది యేసు మరణానికి ముందు వస్తుంది. యోహానులో ఈటెపోటు మరణానంతరం జరుగుతుంది. యోహాను ప్రభావంతో ఏ లేఖకుడో చేర్చిన వాక్యంగా భావించి, చాలామంది పరిష్కర్తలు దీనిని మూలపాఠంలో ఉంచరు.

ఈ పాఠాంతరం ప్రాధాన్యం ఏమిటంటే, శతాధిపతి ఉన్న సువార్తలోకి ఈటె ప్రవేశించింది. వేర్వేరు సువార్తల వివరాలను ఒక్క దృశ్యంగా చూడాలన్న కోరిక కథకులకంటె ముందే లేఖకులలో పనిచేసిందని దీనివల్ల తెలుస్తున్నది.

4. పేరు వచ్చిన దారి

యోహాను 19:34లో ఈటెకు వాడిన గ్రీకు పదం 'లోంఖే'. 'లాంగినస్' అనే పేరు ఈ పదం నుంచే పుట్టిందన్నది పండితులలో ఎక్కువమంది అంగీకరించిన ఊహ. ఈటెవాడు కాలక్రమంలో లాంగినస్ అయ్యాడు. అది రోమనులలో నిజంగా ఉన్న పేరు కావడం ఈ మార్పును మరింత సహజం చేసింది; జూలియస్ సీజరు హంతకులలో ఒకడైన కాషియస్ ఇంటిపేరు కూడా ఇదే. తెలుగు అనువాదంలో 'ఈటె' అని చదివే పాఠకునికి ఈ ధ్వనిసామ్యం వినిపించదు. ఐతిహ్యపు పుట్టుక గ్రీకులో ఉంది గనుక దాని వివరణ కూడా గ్రీకులోనే దొరుకుతుంది.

ఈ పేరు 'పిలాతు చర్యలు' అనే అప్రామాణిక గ్రంథంలో ఈటెతో పొడిచిన సైనికునికి కనిపిస్తుంది. క్రీ.శ. 586 నాటి సిరియాక్ 'రబ్బూలా సువార్తల' ప్రతిలోని సిలువ చిత్రంలో ఈటె పట్టినవాని తలవద్ద ఈ పేరు గ్రీకు అక్షరాల్లో రాసి ఉంది.

అయితే సంప్రదాయం ఒకే పేరును ఎరుగదు. ఈజిప్టులోని అఖ్మీమ్ వద్ద 19వ శతాబ్ది చివర బయటపడిన 'పేతురు సువార్త' భాగంలో సమాధికి కావలి ఉన్న శతాధిపతి పేరు పెట్రోనియస్. అక్కడ యేసు దేవుని కుమారుడన్న మాట సిలువ వద్ద కాక, సమాధి వద్ద జరిగినదాన్ని పిలాతుకు నివేదించినపుడు వస్తుంది. పేర్ల విషయంలో ఈ భేదమే అవి జ్ఞాపకాలు కావని, ఖాళీని పూరించే ప్రయత్నాలని సూచిస్తున్నది.

పాశ్చాత్య సాహిత్య విమర్శ చదివినవారికి ఇదే పేరు మరోచోట పరిచితం. ఉదాత్తతను గురించిన గ్రీకు గ్రంథానికి కర్తగా మనం చెప్పుకొనే 'లాంజైనస్' విషయంలోనూ కర్తృత్వం సందిగ్ధమే. పేరు లేని చోట పేరు నిలపడం విశ్వాసుల అలవాటు మాత్రమే కాదు, పండితులదీ అని ఆ ఉదాహరణ గుర్తుచేస్తుంది.

5. ఇద్దరు ఒక్కరైన తీరు

13వ శతాబ్దిలో యాకోబుస్ ద వొరాజినే సంకలనం చేసిన 'స్వర్ణగాథ' నాటికి లాంగినస్ శతాధిపతీ అతడే, ఈటెతో పొడిచినవాడూ అతడే. చూపు మందగించిన అతని కళ్లకు ఈటె వెంట జారిన రక్తం తగిలి దృష్టి వచ్చిందని, తరువాత అతడు సన్యాసజీవితం గడిపి హతసాక్షి అయ్యాడని ఆ కథ. గమనించదగినది, దృష్టి వచ్చిన సంగతిని ఆ సంకలనకర్త కొందరు చెప్పిన మాటగానే పేర్కొన్నాడు. తరువాతివారు కథను తీసుకొని, ఆ జాగ్రత్తను వదిలేశారు.

ఈ కలయిక యాదృచ్ఛికం కాదు. మూలపాఠంలో దీనికి రెండు ప్రేరణలు కనిపిస్తాయి. మొదటిది, ఇద్దరి కార్యం ఒకటే. మార్కులో (15:44–45) యేసు మరణించాడా అని పిలాతు శతాధిపతినే అడిగి నిర్ధారించుకుంటాడు; యోహానులో ఆ మరణాన్ని రూఢి చేసేది ఈటెపోటు. రెండవది 'చూచుట'. మార్కులో శతాధిపతి చూసి పలుకుతాడు. యోహాను, చూసినవాడే సాక్ష్యమిచ్చాడని చెప్పి, పొడిచినవానివైపు చూస్తారన్న జెకర్యా ప్రవచనాన్ని ఉదహరిస్తాడు. చూపు ఇంత ముఖ్యమైన ఘట్టంలో, పొడిచినవాడు మొదట చూపులేనివాడై ఉండాలని ఐతిహ్యం ఊహించింది. ఇది చరిత్ర కాదు. మూలాన్ని చదివిన ఒక పద్ధతి.

6. ఈటె

వ్యక్తికి కథ ఏర్పడినపుడు వస్తువుకూ కథ ఏర్పడుతుంది. 1098లో మొదటి క్రూసేడు సేన అంతియొకయలో చిక్కుకున్నపుడు పీటర్ బర్తలోమ్యూ చెప్పిన చోట తవ్వగా ఈటె దొరికిందని ప్రకటించారు. 1099లో తన మాట నిజమని నిరూపించడానికి అగ్నిపరీక్షకు సిద్ధపడిన అతడు ఆ తరువాత కొద్దిరోజులకే మరణించాడు. 1492లో ఉస్మానియా సుల్తాను రెండవ బయజీదు పోపునకు మరొక ఈటెను పంపాడు. వియన్నాలో ఇంకొకటి ఉంది. ఒక ఈటెకు ఇన్ని ప్రతిరూపాలుండడం అవశేషాల ప్రామాణికతను ప్రశ్నార్థకం చేస్తుంది. అదే సమయంలో పేరులేని సైనికుని కథ సేనలను నడిపేంత బలాన్ని పొందిందని కూడా చెబుతుంది.

7. వేరుచేయడం ఎందుకు?

ఐతిహ్యాన్ని మూలంగా చదివితే పోయేది వివరాల శుద్ధి మాత్రమే కాదు, అర్థం. మార్కు సువార్తలో శిష్యులు పారిపోయారు, పేతురు ఎరుగనన్నాడు. ఆ స్థితిలో యేసును దేవుని కుమారునిగా ప్రకటించిన మనిషి, మరణశిక్షను అమలుచేసిన పరాయి అధికారి. అతనికి పేరు గాని, అద్భుతానుభవం గాని లేవు. చనిపోయిన తీరు తప్ప అతడు చూసినదేమీ లేదు. కళ్లకు స్వస్థత చేర్చగానే అతని మాటకు ఒక ప్రతిఫలం కారణమవుతుంది. మార్కు కట్టిన వ్యంగ్యం సడలిపోతుంది. అలాగే యోహాను మౌనసైనికునికి భక్తుని చరిత్ర ఇస్తే, అతని పోటులోని నిర్లిప్త క్రూరత్వం మరుగవుతుంది.

ఐతిహ్యాన్ని అబద్ధమని తోసిపుచ్చినా నష్టమే. శిక్షించినవానికి కూడా మార్పు సాధ్యమన్న నమ్మకం ఆ కథలో ఉంది. సాహిత్య గ్రహణచరిత్రకు అది విలువైన ఆధారం. ఊర్మిళ పాట వాల్మీకిని గురించి చెప్పేదానికంటె ఆ పాట పాడుకున్న స్త్రీలను గురించి చెప్పేది ఎక్కువ. లాంగినస్ కథ విషయంలోనూ అంతే.

8. ముగింపు

సువార్తల్లో పేరులేని ఇద్దరున్నారు, లాంగినస్ లేడు. పేరు ఈటెకు సంబంధించిన గ్రీకు పదం నుంచి వచ్చిందనుకోవడానికి బలమైన ఆధారముంది. రెండు పాత్రల కలయికకు మరణ నిర్ధారణ, సాక్ష్యం, చూపు అనే అంశాలు దారి చూపాయి. కాబట్టి పరిశోధకుడు 'బైబిలులోని లాంగినస్' అని రాయడం సరికాదు. 'లాంగినస్‌గా సంప్రదాయం పిలుచుకున్న సైనికుడు' అనడం సముచితం. ఆ చిన్న మార్పువల్ల మూలపాఠపు మౌనం మూలానికి దక్కుతుంది, ఐతిహ్యపు వాక్కు దాన్ని పలికిన సమాజానికి దక్కుతుంది.